నివేదిక 1.10 అప్‌గ్రేడ్: ఒకే డెబ్ ప్యాకేజీ, నాలుగు రకాల వైఫల్యాలు

నివేదిక అనేది సంస్థ లోపలి అవసరాలకు రాసుకున్న రిపోర్టింగ్ సర్వీస్. అసలు పేరు వేరు. డెబియన్ 12 (లినక్స్) సర్వర్ల మీద సిస్టమ్‌డీ యూనిట్‌గా, అంటే సర్వీసులను లేపి ఆపే సిస్టమ్‌డీ అజమాయిషీలో నడుస్తుంది. ఒక ప్రధాన ప్రాసెస్, దాని కింద కొన్ని వర్కర్ ప్రాసెస్‌లు ఉంటాయి. ఇన్‌స్టాల్ అయ్యేది డెబ్ ప్యాకేజీగా, సంస్థ సొంత ఆప్ట్ రిపోజిటరీ నుంచి. ప్యాకేజీలను తెచ్చేది ఆప్ట్, వాటిని విప్పి ఎక్కించేది దాని కింద పనిచేసే డీపీకేజీ. వెర్షన్ 1.9 దాకా ఇది డెబియన్‌లో ముందే ఉండే డీమన్ ఖాతా కింద నడిచింది. 1.10 నుంచి దీనికి సొంత ఖాతా ఇవ్వాలనుకున్నారు.

ప్యాకేజీని డెబ్‌హెల్పర్‌తో, అంటే డెబియన్ ప్యాకేజీలు కట్టే మామూలు సాధనంతో కట్టలేదు. ఒక డైరెక్టరీలో ఫైళ్లు సర్ది, కంట్రోల్ ఫైలూ (ప్యాకేజీ వివరాలు) మెయింటెయినర్ స్క్రిప్టులూ (ఇన్‌స్టాల్, తొలగింపు దశల్లో నడిచేవి) చేత్తో రాసి, డీపీకేజీ-డెబ్ --బిల్డ్ నడిపారు. అలా కట్టిన డెబ్ ఇన్‌స్టాల్ అవుతుంది, సర్వీస్ లేస్తుంది. అందువల్ల అంతా సరిగ్గానే ఉందనిపిస్తుంది. డెబ్ ఫైలు తయారవడం ఒక సంగతి, అది సవ్యంగా అప్‌గ్రేడ్ కావడం ఇంకో సంగతి. ఈ కేసులో కనిపించిన ప్రతి లోపానికీ మూలం ఆ రెండింటి మధ్య తేడాలోనే ఉంది. లక్షణాలు మాత్రం సర్వర్ సమస్యల్లాగే కనిపించాయి: డిస్క్ నిండింది, సర్వీస్ పడింది, కాన్ఫిగ్ పోయింది.

లక్షణాలు

1.9 నుంచి 1.10కి వెళ్లమని అన్ని సర్వర్లకూ ఒకే ఆదేశం ఇచ్చారు. సర్వర్లు నాలుగు గుంపులుగా విడిపోయాయి.

మొదటి గుంపులో ఆప్ట్ 100 కోడ్‌తో ఆగింది. డీపీకేజీ -ఎల్ మాత్రం 1.9ను ఐఐ అని, అంటే సవ్యంగా ఇన్‌స్టాల్ అయి ఉందని చూపించింది. అయినా సర్వీస్ ఆగి ఉంది. రెండో గుంపులోనూ 100 కోడే వచ్చింది, అయితే అక్కడ వెర్షన్ 1.10, స్థితి ఐఎఫ్, అంటే కాన్ఫిగరేషన్ సగంలో నిలిచిపోయింది. మూడో గుంపులో ఏ తప్పూ రాలేదు, కోడ్ 0. కానీ వెర్షన్ 1.10-ఆర్సీ1 (తుది విడుదలకు ముందటి పరీక్ష వెర్షన్) దగ్గరే ఉండిపోయింది. నాలుగో గుంపులో 1.10 ఎక్కింది, స్థితి ఐఐ, సర్వీస్ నడుస్తోంది, హెల్త్ చెక్ కూడా బాగుంది. అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగింది ఈ నాలుగో గుంపులోనే. దాన్ని కనిపెట్టేసరికి ఆలస్యమైంది కూడా.

డిప్లాయ్‌మెంట్ సాధనం ఇచ్చే సారాంశంలో 100 అన్న అంకె తప్ప ఏమీ ఉండదు. అసలు మాట /వార్/లాగ్/ఆప్ట్/టర్మ్.లాగ్‌లో దొరుకుతుంది. మెయింటెయినర్ స్క్రిప్టులు తెర మీద రాసేదంతా అందులోకి చేరుతుంది. ఏ ప్యాకేజీ ఏ క్షణాన ఏ స్థితిలోకి మారిందో /వార్/లాగ్/డీపీకేజీ.లాగ్ చెబుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవకుండా, సగంలో ఆగిన ప్యాకేజీలను ముగించే డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ నడపడం మంచిది కాదు. పోస్ట్‌ఇన్‌స్ట్‌లో (ఫైళ్లు విప్పాక నడిచే స్క్రిప్టు) తప్పుంటే అది మళ్లీ అదే చోట ఆగుతుంది. ఈలోగా ఆధారాలు మాత్రం కలగాపులగం అవుతాయి.

మొదటి గుంపు: డిస్క్

టర్మ్.లాగ్‌లో ఉన్నది సూటిగానే ఉంది. /యూఎస్ఆర్/లిబ్/నివేదిక కింద .డీపీకేజీ-న్యూ అనే తోకతో ఒక ఫైలు రాస్తుండగా డివైస్‌లో చోటు అయిపోయింది. ఇక్కడ రెండు ప్రశ్నలు వస్తాయి. చోటు ఎందుకు లేదు? చోటు లేక వెనక్కి తగ్గినప్పుడు పాత వెర్షన్ ఎందుకు లేవలేదు?

రూట్ ఫైల్‌సిస్టమ్ 20 జీబీ. ఫైల్‌సిస్టమ్ వాడకం చూపే డీఎఫ్ 100 శాతం అంటోంది. ఫైళ్ల పరిమాణాలు కూడే డీయూ -ఎక్స్ఎస్‌హెచ్ తో రూట్ నుంచి లెక్కిస్తే 9 జీబీ కూడా దాటలేదు. డీఎఫ్ -ఐ చూస్తే ఐనోడ్‌లు (డిస్క్ మీద ఒక్కో ఫైలుకు ఉండే నమోదులు) కావలసినన్ని ఉన్నాయి. డీఎఫ్‌కీ డీయూకీ ఇంత తేడా వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది తొలగించాక కూడా ఎవరో తెరిచి పట్టుకున్న ఫైళ్లను. ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1 అంటే లింకుల సంఖ్య 1 కన్నా తక్కువ ఉన్న తెరిచిన ఫైళ్ల జాబితా వస్తుంది. అందులో నివేదిక వర్కర్ల పేర్లు, వాటి పక్కన కొన్ని జీబీల లాగ్ ఫైళ్లు, చివర డిలీటెడ్ అన్న గుర్తు కనిపించాయి.

ఎలా జరిగిందంటే, ప్యాకేజీ ఇచ్చిన లాగ్‌రొటేట్ (పాత లాగ్‌లను పక్కకు తిప్పే సాధనం) ఫైలులో డైలీ, రొటేట్ 7, కంప్రెస్, క్రియేట్ ఉన్నాయి. పోస్ట్‌రొటేట్ (తిప్పాక నడిపే ఆదేశం) లేదు, డిలేకంప్రెస్ (కుదింపు వాయిదా) లేదు, కాపీట్రంకేట్ (కాపీ తీసి అసలు ఫైలును ఖాళీ చేయడం) లేదు. లాగ్‌రొటేట్ పాత ఫైలు పేరు మార్చి కొత్త ఖాళీ ఫైలు సృష్టిస్తుంది. ప్రాసెస్ చేతిలో ఉన్న ఫైల్ డిస్క్రిప్టర్‌కు (తెరిచిన ఫైలుకు గుర్తు) పేరుతో పని లేదు, అది పాత ఐనోడ్‌లోకే రాస్తూ పోతుంది. వెంటనే కంప్రెస్ జరుగుతుంది, జీజిప్ కాపీ తయారై అసలు ఫైలు తొలగిపోతుంది. అప్పటి నుంచి లాగ్ రాతలన్నీ ఏ డైరెక్టరీలోనూ పేరు లేని ఐనోడ్‌లోకి వెళ్తాయి. కొత్త లాగ్ ఫైలు ఎప్పుడు చూసినా 0 బైట్లే ఉంటుంది. తరచూ రీస్టార్ట్ అయ్యే సర్వర్లలో ఇది బయటపడదు. చాలాకాలంగా ఆగకుండా నడుస్తున్న సర్వర్లే నిండిపోయాయి.

డీపీకేజీ ఫైళ్లు విప్పేముందే పాత ప్రీఆర్ఎమ్ (తొలగింపుకు ముందు నడిచే స్క్రిప్టు) సర్వీస్‌ను ఆపుతుంది కదా, అప్పుడు డిస్క్రిప్టర్లు మూసుకుని చోటు తిరిగి రావాలి కదా అన్న సందేహం సహజం. రాలేదు. 1.9 యూనిట్ ఫైలులో కిల్‌మోడ్=ప్రాసెస్ అని ఉంది. ఆపమన్నప్పుడు సిస్టమ్‌డీ ప్రధాన ప్రాసెస్‌ను మాత్రమే చంపుతుంది, వర్కర్లు బతికే ఉంటాయి, వారసత్వంగా వచ్చిన లాగ్ డిస్క్రిప్టర్లతో సహా. తర్వాత సర్వీస్‌ను లేపిన చోట జర్నల్‌లో కంట్రోల్ గ్రూపులో మిగిలిపోయిన ప్రాసెస్ కనిపించిందన్న హెచ్చరిక వచ్చింది. ఆ హెచ్చరికను చాలామంది పట్టించుకోరు, పట్టించుకోవాలి.

దీనికి తోడు ఇంకో రెండు కారణాలు ఉన్నాయి. ఈ సర్వర్ల మూల ఇమేజ్‌లో ట్యూన్2ఎఫ్ఎస్ -ఎం 0 చేసి ఉంది. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మామూలుగా 5 శాతం బ్లాకులను రూట్ ఖాతా కోసం దాచిపెడుతుంది, -ఎం 0 ఆ నిల్వను తీసేస్తుంది. 20 జీబీలో అది 1 జీబీ. ఆ నిల్వ ఉండి ఉంటే డీమన్ ఖాతా కింద నడిచే సర్వీస్ తన వంతు నింపేసినా రూట్‌గా నడిచే డీపీకేజీకి చోటు మిగిలేది. రూట్ ఫైల్‌సిస్టమ్ మీద ఈ నిల్వను తీసేసి చోటు మిగిల్చుకోవడం తప్పుడు పొదుపు. రెండోది: చేత్తో రాసిన కంట్రోల్ ఫైలులో ఇన్‌స్టాల్డ్-సైజ్ లేదు. ఆ విలువను లెక్కగట్టేది డీపీకేజీ-జెన్‌కంట్రోల్, డీపీకేజీ-డెబ్ కాదు. కాబట్టి అదనంగా ఎంత చోటు పడుతుందో ఆప్ట్‌కు తెలియలేదు. పైగా డీపీకేజీ కొత్త ఫైళ్లన్నిటినీ ముందు .డీపీకేజీ-న్యూ పేర్లతో విప్పి, ఆ తర్వాతే పేర్లు మారుస్తుంది. 300 ఎంబీ ప్యాకేజీకి అప్‌గ్రేడ్ సమయంలో పాత 300 ఎంబీ కాక మరో 300 ఎంబీ కావాలి.

చోటు ఖాళీ చేయడం తేలిక. సర్వీస్ ఆగి ఉన్న చోట మిగిలిపోయిన వర్కర్లను పీఐడీ చూసి ఆపేస్తే చాలు. ఇంకా అప్‌గ్రేడ్ కాక నడుస్తున్న సర్వర్లలో రీస్టార్ట్ చేయకుండానే /ప్రోక్/పీఐడీ/ఎఫ్‌డీ/సంఖ్య లోకి షెల్ నుంచి ఖాళీ దారి మళ్లింపు ఇస్తే ఫైలు 0కి తగ్గి చోటు వెంటనే వస్తుంది. దీనికి ముందు /ప్రోక్/పీఐడీ/ఎఫ్‌డీఇన్ఫో/సంఖ్య లో ఫ్లాగ్స్ వరుస చూడాలి. అది అష్టాంశ సంఖ్య. కుడి నుంచి నాలుగో అంకె 2 గానీ 6 గానీ అయితే ఫైలు అపెండ్ పద్ధతిలో తెరిచి ఉంది. కాకపోతే తగ్గించాక కూడా ప్రాసెస్ పాత ఆఫ్‌సెట్ నుంచే రాస్తుంది. అప్పుడు ఎల్ఎస్‌లో జీబీల పరిమాణం చూపే, నిజానికి కొన్ని బ్లాకులే ఉన్న బోలు ఫైలు తయారవుతుంది. నివేదిక అపెండ్‌తోనే తెరుస్తోంది. ఈ విషయం తర్వాత లాగ్‌రొటేట్ నిర్ణయానికీ పనికొచ్చింది.

ఇక రెండో ప్రశ్న. అప్‌గ్రేడ్‌లో వరుస ఇది: ముందు పాత ప్రీఆర్ఎమ్‌ను అప్‌గ్రేడ్ అన్న ఆర్గ్యుమెంట్‌తో, తర్వాత కొత్త ప్రీఇన్‌స్ట్ (విప్పే ముందు నడిచేది), ఆపై ఫైళ్లు విప్పడం, పాత పోస్ట్‌ఆర్ఎమ్ (తొలగింపు తర్వాత నడిచేది), చివర కొత్త పోస్ట్‌ఇన్‌స్ట్‌ను కాన్ఫిగర్ అన్న ఆర్గ్యుమెంట్‌తో. మధ్యలో విప్పడం విఫలమైతే డీపీకేజీ వెనక్కి తగ్గుతూ పాత పోస్ట్‌ఇన్‌స్ట్‌ను అబార్ట్-అప్‌గ్రేడ్ అన్న ఆర్గ్యుమెంట్‌తో పిలుస్తుంది. పాత స్థితిని తిరిగి నిలబెట్టే బాధ్యత ఆ పిలుపుదే. 1.9 పోస్ట్‌ఇన్‌స్ట్‌లో సర్వీస్ మొదలుపెట్టే వరుస కాన్ఫిగర్ అన్న ఒక్క షరతు లోపలే ఉంది. అబార్ట్-అప్‌గ్రేడ్ వచ్చినప్పుడు స్క్రిప్టు ఏమీ చేయకుండా 0తో ముగిసింది. డీపీకేజీ దృష్టిలో వెనక్కి తగ్గడం విజయవంతమైంది కాబట్టి ఐఐ. ఆపిన సర్వీస్‌ను మాత్రం ఎవరూ లేపలేదు.

రెండో గుంపు: కోడ్ 9

ఇక్కడ పోస్ట్‌ఇన్‌స్ట్ 9తో ఆగింది. స్క్రిప్టు పైన సెట్ -ఈ ఉంది, అంటే లోపల ఏ ఆదేశం తప్పినా స్క్రిప్టు అదే కోడ్‌తో నిలిచిపోతుంది. యూజర్‌యాడ్ 9 ఇచ్చిందంటే ఆ పేరుతో ఖాతా ఇప్పటికే ఉందని. 1.10లో కొత్తగా చేర్చిన యూజర్‌యాడ్ వరుస ఏ పరీక్షా లేకుండా నేరుగా ఉంది. ఈ సర్వర్లలో బ్యాకప్ పని కోసం నివేదిక అన్న పేరుతోనే ఒక మామూలు ఖాతా, 1000 పైన ఉండే యూఐడీతో, ఎప్పుడో సృష్టించి ఉంది. పరీక్షలన్నీ కొత్త కంటెయినర్లలో జరిగాయి, అక్కడ ఆ ఖాతా ఉండే అవకాశమే లేదు.

యూజర్‌యాడ్ బదులు యాడ్‌యూజర్ --సిస్టమ్ వాడితే చాలుననుకోవడం సగమే నిజం. అదే పేరుతో సిస్టమ్ ఖాతా ఉంటే అది 0తో ముగుస్తుంది, మామూలు ఖాతా ఉంటే తప్పు ఇస్తుంది. ఒకవేళ ఉన్న ఖాతానే వాడుకునేలా రాసినా, మనిషో బ్యాకప్ స్క్రిప్టో వాడే ఖాతా కింద సర్వీస్ నడపడం భద్రతకు మంచిది కాదు. ప్యాకేజీలు కొత్తగా సృష్టించే సిస్టమ్ ఖాతాల పేర్లు అండర్‌స్కోర్‌తో మొదలవ్వాలన్న డెబియన్ పాలసీ సూచన సరిగ్గా ఇలాంటి ఢీకొట్టుడును తప్పించడానికే. కొత్త ఖాతా పేరు _నివేదిక అయింది.

ఐఎఫ్ స్థితిని అలా వదిలేయకూడదు. ఆ తర్వాత వేరే ఏ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసినా ఆప్ట్ ముందు దీన్ని కాన్ఫిగర్ చేయబోతుంది, మళ్లీ 9 వస్తుంది, మొత్తం పని 100తో ముగుస్తుంది. భద్రతా అప్‌డేట్లు కూడా తప్పులతోనే నడుస్తాయి. /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో కింద ఉన్న పోస్ట్‌ఇన్‌స్ట్‌ను తాత్కాలికంగా సవరించి ముగించవచ్చు, అత్యవసరంలో అది న్యాయమే. కానీ ఆ సవరణ ప్యాకేజీలోకి చేరకపోతే తర్వాతి సర్వర్‌లో అదే తప్పు కాచుకుని ఉంటుంది.

మూడో గుంపు: వెర్షన్ వరుస

ఇది చిన్న విషయం. ముందస్తు పరీక్షకు 1.10-ఆర్సీ1 ఎక్కిన సర్వర్లు ఇవి. హైఫన్ తర్వాతి భాగాన్ని డీపీకేజీ ప్యాకేజీ రివిజన్‌గా చదువుతుంది. రివిజన్ లేని 1.10 కన్నా ఆర్సీ1 రివిజన్ ఉన్నది పెద్దది. కాబట్టి ఆప్ట్ దృష్టిలో ఈ సర్వర్లు అప్పటికే ముందున్నాయి. ఆప్ట్-కాష్ పాలసీ చూస్తే ఇన్‌స్టాల్డ్, క్యాండిడేట్ రెండు వరుసల్లోనూ 1.10-ఆర్సీ1 కనిపిస్తుంది, 1.10 కింద జాబితాలో ఊరికే పడి ఉంటుంది.

1.10-1 అని పేరు మార్చినా ఫలితం ఉండదు. అక్షరాలతో మొదలయ్యే ఆర్సీ1, అంకెతో మొదలయ్యే 1 కన్నా పెద్దదే. తుది విడుదల కన్నా ముందు రావాల్సిన వాటికి టిల్డే వాడాలి: 1.10~ఆర్సీ1. టిల్డే దేనికన్నా అయినా ముందు వస్తుంది, ఖాళీ కన్నా కూడా. ఇప్పటికే బయటికి వెళ్లిపోయిన వెర్షన్‌ను దాటడానికి ఎపాక్ (వెర్షన్ ముందు చేర్చే అంకె) పెట్టే దారి ఉంది గానీ, ఒకసారి పెట్టిన ఎపాక్‌ను ఇక ఎప్పటికీ తీయలేం. 1.10.1-1 అంటే సరిపోయింది.

నాలుగో గుంపు: మౌనంగా పోయిన కాన్ఫిగ్

ఈ సర్వర్లలో ప్రతిదానికీ /ఎట్సీ/నివేదిక/నివేదిక.కాన్ఫ్ వేరుగా ఉండాలి. డేటాబేస్ చిరునామా, నిల్వ డైరెక్టరీ, వర్కర్ల సంఖ్య అందులోనే ఉంటాయి. అప్‌గ్రేడ్ తర్వాత ఫైళ్ల షా256 చెక్‌సమ్‌లు తీస్తే అన్ని సర్వర్లలోనూ ఒకటే వచ్చింది. వేర్వేరుగా ఉండాల్సినవి ఒకేలా ఉన్నాయంటే ప్యాకేజీలోని నమూనా కాన్ఫిగ్ వాటి మీద కూర్చుందన్నమాట. సర్వీస్ నమూనా విలువలతోనే లేచి, స్థానిక డైరెక్టరీలో ఖాళీ డేటాబేస్ సృష్టించుకుని, హెల్త్ చెక్‌కు సవ్యంగా జవాబిస్తూ వచ్చింది.

డీపీకేజీ -వీ ఇక్కడ తలకిందులుగా చదవాల్సి వచ్చింది. ఆ ఆదేశం ప్యాకేజీ ఇచ్చిన చెక్‌సమ్‌తో సరిపోలని ఫైళ్లనే చూపిస్తుంది. స్థానిక మార్పులున్న సర్వర్‌లో కాన్ఫిగ్ ఫైలు పేరు కనిపించాలి. ఏమీ కనిపించలేదంటే ఆ ఫైలు ప్యాకేజీలో ఉన్నట్టే ఉంది, అంటే మార్పులు పోయాయి.

కారణం: డీపీకేజీ ఒక ఫైలును కాన్ఫ్‌ఫైల్‌గా, అంటే స్థానిక మార్పులను అడగకుండా చెరపకూడని ఫైలుగా గుర్తించాలంటే ప్యాకేజీలో కాన్ఫ్‌ఫైల్స్ అన్న జాబితాలో దాని పూర్తి దారి ఉండాలి. /ఎట్సీ కింద ఉన్నంత మాత్రాన ఆ రక్షణ రాదు. డెబ్‌హెల్పర్ అయితే /ఎట్సీ కింద ఉన్న ప్రతి ఫైలునూ తనే ఆ జాబితాలో చేరుస్తుంది. చేత్తో కట్టిన ప్యాకేజీలో ఆ జాబితానే లేదు. కాబట్టి కాన్ఫిగ్ కూడా ఒక బైనరీలాగే, ఏ ప్రశ్నా లేకుండా మారిపోయింది. ఈ మార్పు ఫైళ్లు విప్పే దశలోనే జరుగుతుంది, అందువల్ల పోస్ట్‌ఇన్‌స్ట్ దగ్గర ఆగిన రెండో గుంపులోనూ కాన్ఫిగ్ పోయింది. అక్కడ సర్వీస్ లేవలేదు కాబట్టి నష్టం జరగలేదు, అంతే.

ఎట్‌కీపర్ ఉన్న సర్వర్లలో పాత కాన్ఫిగ్ వెంటనే దొరికింది. అది ఆప్ట్ నడిచే ముందు ఒకసారి, నడిచాక ఒకసారి /ఎట్సీ మొత్తాన్ని కమిట్ చేస్తుంది. మిగతా చోట్ల రాత్రి బ్యాకప్ నుంచి తీయాల్సి వచ్చింది. స్థానిక డేటాబేస్‌లో పడ్డ రికార్డులను అసలు డేటాబేస్‌లోకి విడిగా చేర్చారు.

ప్యాకేజీని తిరిగి కట్టడం

1.10.1-1ను డెబ్‌హెల్పర్ కంపాట్ (అనుకూలత స్థాయి) 13తో కట్టారు. రూల్స్ ఫైలులో ఉన్నది డీహెచ్‌ను (డెబ్‌హెల్పర్ ఆదేశం) పిలిచే ఒక్క లక్ష్యమే. యూనిట్, లాగ్‌రొటేట్ ఫైళ్లు డెబియన్ డైరెక్టరీలో ప్యాకేజీ పేరుతోనే ఉంటాయి, వాటిని సరైన చోటికి చేర్చే పని సాధనానిది. పోస్ట్‌ఇన్‌స్ట్‌లో డెబ్‌హెల్పర్ గుర్తు ఉన్న వరుస తప్పనిసరి. సర్వీస్ మొదలుపెట్టే తునక అక్కడ చేరుతుంది, ఆ తునక కాన్ఫిగర్‌తో పాటు అబార్ట్-అప్‌గ్రేడ్, అబార్ట్-రిమూవ్, అబార్ట్-డీకాన్ఫిగర్ పిలుపులకూ స్పందిస్తుంది. ఇంకో లాభం: కంపాట్ 10 నుంచి అప్‌గ్రేడ్‌లో సర్వీస్‌ను ప్రీఆర్ఎమ్‌లో ఆపరు, చివర పోస్ట్‌ఇన్‌స్ట్‌లో రీస్టార్ట్ చేస్తారు. మధ్యలో విప్పడం విఫలమైనా పాత ప్రాసెస్ నడుస్తూనే ఉంటుంది.

ఖాతా కోసం పోస్ట్‌ఇన్‌స్ట్‌లో గెట్‌ఎంట్‌తో పేరు ఉందో లేదో చూసి, లేకపోతేనే యాడ్‌యూజర్ --సిస్టమ్ --గ్రూప్. డిపెండ్స్‌లో యాడ్‌యూజర్ చేరింది. డీమన్ ఖాతా పేరు మీద ఉన్న పాత ఫైళ్ల యాజమాన్యం మార్చడానికి పోస్ట్‌ఇన్‌స్ట్‌లో చౌన్ రాయలేదు. యూనిట్‌లో స్టేట్‌డైరెక్టరీ=నివేదిక, లాగ్స్‌డైరెక్టరీ=నివేదిక అని పెడితే, పై డైరెక్టరీ యజమాని యూనిట్‌లోని యూజర్‌తో సరిపోలనప్పుడు సిస్టమ్‌డీయే లోపలి ఫైళ్లతో సహా మార్చుకుంటుంది. కిల్‌మోడ్ వరుస తీసేశారు, డిఫాల్ట్ అయిన కంట్రోల్-గ్రూప్ అన్ని ప్రాసెస్‌లనూ ఆపుతుంది.

లాగ్ విషయంలో సరైన పద్ధతి సిగ్నల్ అందగానే ఫైలు మళ్లీ తెరవడం. నివేదికకు ఆ సామర్థ్యం లేదు, అపెండ్‌తో తెరవడం మాత్రం ఉంది. అందుకే కాపీట్రంకేట్ ఎంచుకున్నారు. కాపీకీ తగ్గించడానికీ మధ్య క్షణంలో రాసిన కొన్ని వరుసలు పోవచ్చు, ఈ లాగ్‌కు అది ఒప్పుకోదగ్గదే. ఆడిట్ లాగ్ అయితే ఒప్పుకోకూడదు. మాక్స్‌సైజ్ 200ఎం కూడా చేరింది. అయితే లాగ్‌రొటేట్ నడిచినప్పుడే దాన్ని చూస్తుంది. డెబియన్ 12లో టైమర్ రోజుకు ఒకసారే కాబట్టి ఎక్కువ రాసే సర్వర్లలో టైమర్‌ను గంటకు ఒకసారికి మార్చారు.

అప్‌గ్రేడ్ దారిలో రెండు గోతులు

మొదటిది: కొత్త ప్యాకేజీ ఎంత చక్కగా ఉన్నా 1.9 మీద నుంచి వెళ్లేటప్పుడు ముందు నడిచేది 1.9 ప్రీఆర్ఎమ్. డిస్క్ చోటు పరీక్షను కొత్త ప్రీఇన్‌స్ట్‌లో పెట్టినా అప్పటికే సర్వీస్ ఆగిపోయి ఉంటుంది, వర్కర్లు మిగిలిపోయి ఉంటాయి. కాబట్టి ఈ జాగ్రత్తలు ఆప్ట్‌కు ముందే తీసుకోవాలి. /ఎట్సీ/సిస్టమ్‌డీ/సిస్టమ్/నివేదిక.సర్వీస్.డీ కింద కిల్‌మోడ్=కంట్రోల్-గ్రూప్ అన్న చిన్న ఫైలు పెట్టి సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్, రూట్‌లో 1 జీబీ ఖాళీ లేకపోతే ఆ సర్వర్‌ను వదిలేయడం, /ఎట్సీ/నివేదికకు కాపీ తీయడం, ట్యూన్2ఎఫ్ఎస్ -ఎం 5. చివరిదాన్ని మౌంట్ అయి ఉన్న ఈఎక్స్‌టీ4 మీదే చేయవచ్చు.

రెండోది ఇంకా లోతైనది. పాత ప్యాకేజీలో మామూలు ఫైలుగా ఉన్నది కొత్త ప్యాకేజీలో కాన్ఫ్‌ఫైల్ అయినప్పుడు డీపీకేజీ దగ్గర పోల్చడానికి పాత చెక్‌సమ్ ఉండదు. డిస్క్ మీది ఫైలును మీరో ఏదో స్క్రిప్టో సృష్టించిందిగా లెక్కించి, ఏది ఉంచాలని అడుగుతుంది. డెబియన్_ఫ్రంట్‌ఎండ్=నాన్‌ఇంటరాక్టివ్ ఈ ప్రశ్నను ఆపదు, అది డెబ్‌కాన్ఫ్ అనే వేరే ప్రశ్నల వ్యవస్థకు మాత్రమే. జవాబిచ్చే మనిషి లేని చోట ఇన్‌పుట్ అయిపోయిందన్న తప్పుతో అప్‌గ్రేడ్ ఆగుతుంది. ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్ ఇవ్వాలి, అప్పుడు స్థానిక కాన్ఫిగ్ నిలుస్తుంది.

కానీ అదే ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్ /ఎట్సీ/లాగ్‌రొటేట్.డీ/నివేదికకూ వర్తిస్తుంది! డిస్క్ నింపిన ఆ పాత ఫైలే నిలుస్తుంది, సరిచేసినది .డీపీకేజీ-డిస్ట్ తోకతో పక్కన పడి ఉంటుంది. ఆ తోక ఉన్న ఫైళ్లను లాగ్‌రొటేట్ చదవదు కూడా. అప్‌గ్రేడ్ విజయవంతం, మొదటి గుంపు సమస్య యథాతథం. దీనికి పరిష్కారం కొత్త ప్రీఇన్‌స్ట్‌లో ఉంది: ఉన్న లాగ్‌రొటేట్ ఫైలు చెక్‌సమ్ 1.9 ఇచ్చినదాని చెక్‌సమ్‌తో సరిగ్గా సరిపోతే దాన్ని తొలగించడం. అప్పుడు డీపీకేజీ కొత్త కాన్ఫ్‌ఫైల్‌ను అడగకుండా పెడుతుంది. సరిపోకపోతే ఎవరో కావాలని మార్చారు, దాన్ని ముట్టుకోకూడదు, ఆ సర్వర్‌ను చేత్తో చూడాలి.

అందుకే వరుస ముఖ్యమైంది. రెండు, నాలుగు గుంపుల్లో ముందు బ్యాకప్ కాన్ఫిగ్‌ను తిరిగి పెట్టాలి, ఆ తర్వాతే ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్‌తో 1.10.1. తారుమారైతే నమూనా కాన్ఫిగ్‌నే స్థానిక మార్పుగా కాపాడినట్టవుతుంది.

పరీక్ష

సిస్టమ్‌డీ నడవని కంటెయినర్లో సర్వీస్ ఆగడం, లేవడం పరీక్షించలేం. సిస్టమ్‌డీ-ఎన్‌స్పాన్ --బూట్ (సిస్టమ్‌డీతో లేచే కంటెయినర్) గానీ వర్చువల్ మెషీన్ గానీ కావాలి. చోటు చాలని పరిస్థితికి డిస్క్ నింపనక్కర్లేదు. /యూఎస్ఆర్/లిబ్/నివేదిక మీద 50 ఎంబీ పరిమితితో టీఎంపీఎఫ్ఎస్ (మెమరీలో ఉండే ఫైల్‌సిస్టమ్) మౌంట్ చేస్తే విప్పడం అక్కడే ఆగుతుంది. తర్వాత చూడాల్సింది ఒకటే, పాత సర్వీస్ నడుస్తోందా లేదా. మిగతా దారులు: కొత్త ఇన్‌స్టాల్, మార్చిన కాన్ఫిగ్‌తో 1.9 నుంచి, 1.10-ఆర్సీ1 నుంచి, నివేదిక పేరుతో మామూలు ఖాతా ఉన్న సర్వర్, ఐఎఫ్‌లో నిలిచిన సర్వర్, తొలగించి మళ్లీ ఇన్‌స్టాల్, పర్జ్ (కాన్ఫిగ్‌తో సహా తొలగింపు). వీటిలో మామూలు దారులను పీయూపార్ట్స్ అనే పరీక్షా సాధనం తనంతట తానే చేస్తుంది. స్క్రిప్టు ఎక్కడ ఆగిందో తెలియకపోతే డీపీకేజీకి -డీ2 ఇస్తే ప్రతి మెయింటెయినర్ స్క్రిప్టు పిలుపూ దాని ఫలితమూ కనిపిస్తాయి.

పాత 1.9 డెబ్‌ను లింటియన్‌కు (ప్యాకేజీ లోపాలు వెతికే సాధనం) ఇస్తే /ఎట్సీలోని ఫైలు కాన్ఫ్‌ఫైల్‌గా గుర్తించి లేదన్న తప్పును అది అప్పుడే చూపించింది. ఇన్నాళ్లూ ఎవరూ నడపలేదు. ఇప్పుడు బిల్డ్ పైప్‌లైన్‌లో లింటియన్ తప్పులుంటే రిపోజిటరీలోకి ప్యాకేజీ చేరదు. దానికి తోడు, రిపోజిటరీలో ఉన్న చివరి వెర్షన్‌తో కొత్తదాన్ని డీపీకేజీ --కంపేర్-వెర్షన్స్ జీటీ (కొత్తది పెద్దదా) తో పోల్చే ఒక వరుస ఉంది. అది 0 ఇవ్వకపోతే బిల్డ్ అక్కడే ఆగుతుంది.